అమ్మవారికి తల యాడ?

నేను నంద్యాలలో ఇంటి దగ్గరే వెబ్‌సైట్లు తయారుచేస్తుంటాను. పోయిన వేసవిలో ఆళ్లగడ్డ శిల్పి ఒకాయనకు ఒకటి చేసిచ్చాను. ఆయన చెక్కిన అమ్మవారి ఫొటో నా పెద్ద మానిటర్ మీద నిండుగా కనిపించింది. ఆ విగ్రహం కొనడానికి ఒక గుడి పెద్దలు వస్తున్నారని నన్నూ రమ్మన్నాడు.

వరుస పనులతో అలసిపోయి ఉన్నా బస్సెక్కి వెళ్లాను. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన తన చిన్న ఫోన్‌లో పేజీ తెరిచి ఉలిక్కిపడ్డాడు.

"ఏంది ఆచారీ, అమ్మవారికి తల యాడ?"

తొంగి చూశాను. ఆ తెరకు పట్టక ఫొటో పైభాగం తెగిపోయింది. మెడ నుంచి కిందికే ఉంది.

"ఫోన్‌లో అట్ల కనపడతాంది, అంతే. విగ్రహం లోపల ఉండాది, రాండి," అని శిల్పి బతిమాలాడు.

"వద్దులేప్పా. మొదట్లోనే అపశకునం," అంటూ వాళ్లు లేచి వెళ్లిపోయారు.

శిల్పి నన్ను తిట్టలేదు. "సరిచెయ్యి పాపా, ఇంకొకరు చూస్తారు," అన్నాడంతే. ఆ రాతిపొడిలోనే ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుని సాయంత్రం దాకా సరిచేశాను.

తిరుగు బస్సులో కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా నమ్మకం కుదరక, పక్కసీటు పెద్దమ్మను అడిగి ఆమె చిన్న ఫోన్‌లో పేజీ తెరిచాను. కిరీటం నుంచి పాదాల దాకా అమ్మవారు కనిపించింది. ఆమె ఫోన్‌ను కళ్లకద్దుకుని, "ఈయమ్మ గుడి యాడుంది పాపా?" అంది.

"ఇంకా గుడి లేదు పెద్దమ్మా," అన్నాను.

ఇప్పుడు ఏ పేజీ చేసినా ఎవరిదో ఒకరి చిన్న ఫోన్ అడిగి చూసుకుంటాను, ఓపిక లేని రోజు కూడా.