పెద్దులు సాకిన టాంకీ

పొద్దున్నే లేచిన పెద్దులు ముందు చాయ్ తాగడు. గ్యాస్ టాంకీ పక్కనున్న చిన్న పొయ్యి వెలిగించి, మంట రంగు చూస్తాడు. నీలంగా నిలబడితే టాంకీ కడుపు బాగున్నట్టు. రెపరెపలాడి ఆరిపోతే లోపల పులిసినట్టు. ఆ సంగతి తేలాకే చాయ్.

అల్ సువైక్ అనే అరబ్బు ఊళ్లో ఖర్జూరం తోటల నడుమ ఉన్న ఆవుల ఫారంలో అతని డ్యూటీ అది. పేడ, రాలిన ఖర్జూరాలు, విందుల్లో మిగిలిన అన్నం నీళ్లలో కలిపి టాంకీలో పోస్తాడు. గాలి చొరని ఆ చీకట్లో కంటికి కనబడని జీవులు వాటిని తిని గ్యాస్ చేస్తాయి. పెద్దులు వాటిని పురుగులంటాడు.

టాంకీ కట్టించిన ఇంజనీర్ సంజీవ్ మొదట్లోనే చెప్పాడు. లోపల రెండు రకాలున్నాయి. ఒక రకం అన్నాన్ని గబగబా తిని పులుపు చేస్తుంది. రెండోది ఆ పులుపును నిదానంగా తిని గ్యాస్ చేస్తుంది. తిండి లేని రోజుల్లో ఈ నిదానం రకమే తగ్గిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా మేపితే పులుపు పేరుకుని అన్నీ చస్తాయి.

"రోజూ ఒకే కొలతన్నా మంచిది కాదు పెద్దన్నా. ఓ రోజు తక్కువ, ఓ రోజు కొంచెం ఎక్కువ పెట్టు. కరువూ విందూ రెండూ చూసినవే తట్టుకుంటాయి."

రెండేళ్లు అలాగే సాకాడు. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న భార్య కమలవ్వ ఫోన్‌లో దెప్పేది.

"నీ టాంకీ తిన్నదా? నేను తిన్ననో లేదో ఎన్నడన్న అడిగినవా?"

"నీకు నోరున్నది. అది నోరు లేనిది గద."

పోయిన వేసవిలో కమలవ్వ కడుపులో గడ్డ అని తేలింది. ఫోన్‌లో ముఖం రోజురోజుకూ చిన్నదైంది.

"బువ్వ పోతలేదయ్యా. ఒక్కసారి వచ్చి పోరాదు."

సరిగ్గా అప్పుడే ఫారంలో సగం ఆవులను అమ్మేశారు. నెల రోజులుగా టాంకీ అర్ధాకలితో ఉంది. ముందర బక్రీద్ ఉంది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి అన్నం గుట్టలుగా వస్తుంది. తన బదులు డ్యూటీ చేయాల్సిన భూమేశ్‌కు ఓపిక తక్కువ, అంతా ఒకేసారి కుమ్మరిస్తాడు.

"పండుగ ఎల్లినంక వస్తనే. ఇప్పుడొస్తే ఇది సస్తది."

"సరే. దాన్ని సూస్కో," అంది కమలవ్వ.

పండుగ ఇంకా రెండు రోజులుందనగా కబురొచ్చింది. టికెట్ దొరికి ఇల్లు చేరేసరికి ఆమెను సాగనంపేశారు.

కర్మలు ముగించుకుని మూడు వారాలకు తిరిగొచ్చాడు. భూమేశ్ ముఖం చూపలేక చూపలేక ఎదురొచ్చాడు.

"తప్పైంది కాకా. పండుగనాడు పదహారు బకెట్లు ఒక్కపారే పోసిన. మంట నిలవలే. సచ్చిందనుకున్న. ఏం జెయ్యాల్నో తెల్వక ఊకున్న. పది రోజులకు దానంతటదే నీలంగైంది."

పెద్దులు పొయ్యి వెలిగించాడు. మంట నీలంగా, కదలకుండా నిలబడింది. రెండేళ్లు తాను అలవాటు చేసిన కరువూ విందూ దానికి ఒంటబట్టాయి. తాను లేకున్నా టాంకీ బతికింది. కమలవ్వ రమ్మన్ననాడే వెళ్లినా బతికేది.

"మంచిదే అయింది గద కాకా?"

"మంచిదే," అన్నాడు పెద్దులు. ఆ పూట చాయ్ తాగలేదు.

ఇప్పటికీ అతనిది టాంకీ డ్యూటీయే. ఈ ఏడాది నలభై అయిదు రోజుల సెలవు ఉంది. ఇంకా అడగలేదు.