ఇటలీ ఓడ తువ్వాల

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాను. దారం తెగితే ఎందుకు తెగిందో చూసుకునే మనిషిని. అయినా ధర్మపురిలో జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, చంటిపిల్లగా ఉన్నప్పుడే ఆమె తండ్రి బొంబాయి వెళ్లాడు. అక్కడ ఒక ఇటలీ ఓడలో బట్టలు ఉతికి, చిరుగులు రఫ్ఫు చేసే పనికి కుదిరాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ ఓడ బొంబాయికీ ఇటలీకీ తిరిగేదట. పైన దొరలకు నాట్యశాల, ఈతకొలను. అడుగున ఆవిరిలో మావాడు. ఒకసారి ఊరివాళ్ల చేత ఓడ తువ్వాల పంపాడు. అంచులో ఓడ పేరు నేతలోనే ఉంది, కుట్టింది కాదు. అంత మంచి పని నేను మళ్లీ చూడలేదు. తర్వాత రెండో యుద్ధం వచ్చింది. ఓడ మళ్లీ బొంబాయికి రాలేదు, ఆయనా రాలేదు.

అక్కడే ఏ దొరసానినో కట్టుకుని ఉంటాడని ఊరంతా అన్నది. ఆయన భార్య చచ్చేదాకా బొట్టు తీయలేదు, ఏ రాత్రైనా వస్తాడేమోనని తలుపుకు గొళ్లెం పెట్టలేదు. ఆమె పోయాక బాపమ్మ అదే పట్టింది. నూలు ఎవడైనా ఎత్తుకుపోతాడని నేనెంత మొత్తుకున్నా వినదు. తండ్రి చచ్చిపోయాడా, తమను వదిలేశాడా? అదొక్కటే ఆమెను పీక్కుతినేది.

నిరుడు జబ్బు చేసి లేచాక, తండ్రికి కర్మ చేయించమని పట్టుబట్టింది. శవం దొరకనివాళ్లకు దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు. వెళ్లే ముందు మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ తువ్వాల ఉతికి గంజి పెట్టింది. సాలెవాళ్లం కదా, గంజి లేని బట్ట మా కంటికి ఆనదు.

ధర్మపురిలో, పట్టపగలు, తువ్వాలను గోదావరిలో ముంచి బొమ్మ మీద పిండాను. బాపమ్మ ఆ నీళ్లు తీర్థంలా నోట్లో వేసుకుంది.

"ఉప్పగున్నయిరా" అంది.

కన్నీళ్లు నోట్లోకి పోయి ఉంటాయిలే అని కసిరాను. ఆమె ఏడవడం లేదు. నేనూ నాలుకకు రాసుకున్నాను. ఉప్పు. నది నీళ్లు తాగి చూశాను, చప్పగా ఉన్నాయి. మనం తాగే ఉప్పు గంజే పెట్టావా అని వెంట వచ్చిన అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఉప్పు వేయకముందే తీసిపెట్టానని ఒట్టేసింది. పోనీ అని నడుంలోతు నీళ్లలోకి దిగి, గంజంతా పోయి బట్ట మెత్తబడేదాకా జాడించాను. మళ్లీ పిండాను. మళ్లీ ఉప్పే. భయపడ్డానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

బాపమ్మ తువ్వాల లాక్కుని గుండెకు హత్తుకుంది.

"మునిగిండు బిడ్డా. మా బాపు మమ్ముల ఇడిసిపెట్టి పోలే."

తువ్వాల ఇంట్లోనే ఉంది. ఎన్నిసార్లు తడిపి పిండి చూశానో. మంచినీళ్లే వస్తున్నాయి. ఆ రోజు ఆ ఉప్పు ఎక్కడిదో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఆ రాత్రి నుంచి తలుపుకు గొళ్లెం బాపమ్మే పెడుతోంది. పడుకోగానే నిద్రపోతోంది. నాకే పట్టడం లేదు.