మాత్రకూ గురువారం సెలవే

మా ఆయనకు ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటులో ఉన్నన్నాళ్లూ గురువారం వీక్లీ ఆఫ్. రిటైరయ్యాక కూడా ఆ గురువారం మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. ఆ రోజు గడ్డం గీసుకోరు, కుళాయి కారుతోందన్నా లేవరు. వాటికి నేనెప్పుడో అలవాటు పడిపోయాను. బీపీ మాత్రకు కూడా ఆ రోజు సెలవిచ్చేస్తారు చూడండి, అదే నా భయం.

కిందటి వర్షాకాలం ఒక గురువారం సాయంత్రం కూరల బజారులో కళ్లు తిరిగి క్యాబేజీల గుట్ట మీద కూలబడిపోయారు. "అరే భయ్యా, మేరీ గోభీ!" అని కొట్టు ఆమె తన క్యాబేజీల కోసం ఒకటే గోల. నేను లేపబోతే "ఎండ దెబ్బే" అన్నారు. పైన తుంపర పడుతోంది! డాక్టరు గారు కసిరారు, నేను అరిచాను. వింటేగా.

ఈమధ్య క్యాంప్ 2లోని మా ఇంటికి ఇదే ఊళ్లోని స్మృతి నగర్ నుంచి ఒక తెలుగమ్మాయి వచ్చింది. కాలేజీలో మనుషుల మనసుల గురించి చదువుతోందట. జనం మందులు మధ్యలో ఎందుకు మానేస్తారు, టీకా అంటే కొందరు ఎందుకు వెనకాడతారు అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది.

"టీకాకి డర్ లగా క్యా, అంకుల్?"

"భయమేటి బేటీ! అందరికన్నా ముందెళ్లి వేయించుకున్నాను. అప్పుడింకా డ్యూటీలోనే ఉన్నాను, మర్నాడు రెస్టు కూడా ఇచ్చారు."

"మరి బీపీ దవాయి రోజూ వేసుకుంటారా?"

"బరాబర్. ఆఫ్ రోజు తప్ప."

ఆ పిల్ల నవ్వలేదు, కసరలేదు. "ఎందుకు, అంకుల్?" అంది మెల్లగా. అప్పటిదాకా మాలో ఎవరమూ ఆయన్ని ఆ మాట అడగనే లేదు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"రోజూ పనిజేస్తే మందు కూడా అలిసిపోద్ది కదా. ఒకరోజు ఛుట్టీ ఇస్తే శుక్రవారం మంచి జోరు మీద పనిజేస్తది."

"మీరు ప్లాంట్‌లో ఏం పని చేసేవారు?"

"కోక్ ఓవెన్లు. బొగ్గు కాల్చే బట్టీలు."

"మీ ఆఫ్ రోజు బట్టీ కూడా బంద్ ఉండేదా?"

ఆయన పకపకా నవ్వారు. "బట్టీ ఆపుతారేటి! చల్లారిందంటే లోపల ఇటుకలు పగిలిపోవూ? నాకు ఆఫ్ అయితే నా బదులు రిలీవర్ వస్తాడు. వాడొచ్చేదాకా మనం కదలడానికి లేదు."

వంటింట్లో పకోడీలు వేస్తున్నదాన్ని, పకోడీల పళ్లెంతో, గరిటెతో సహా బయటికి వచ్చేశాను. "మరి గురువారం మీ మాత్రకి రిలీవర్ ఎవరండీ? నేనా?"

ఆ పిల్ల సలహాలు చెప్పకూడదట, అడగడమే తన పనట. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ ఫోనులోకి చూస్తూ కూర్చుంది.

"ఇంట్లో యూనియన్ లీడరున్నట్టుంది," అని ఆయన గొణిగి, ఒక పకోడీ తీసుకోబోయారు. పళ్లెం ఆ పిల్ల ముందు పెట్టేశాను.

వచ్చిన గురువారం పొద్దున్న గడ్డం అలాగే ఉంది. మంచినీళ్లూ మాత్రా ఆయన పక్కన పెట్టి, చూడనట్టు బియ్యం ఏరుతూ కూర్చున్నాను. చాలాసేపటికి గుటక చప్పుడు వినిపించింది.

"ఇది ఓవర్‌టైమే, ఏటనుకున్నావో. డబల్ ఇవ్వాలి."

రెండో టీ పెట్టి ఇచ్చాను. పంచదార మాత్రం పెంచలేదు.