గుండు కింది మట్టిపూత

మా ఊరు గుట్ట మీద పుట్టింది. కొండాపూర్ దాటాక, రాళ్ల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇల్లు కట్టుకున్నారు మా తాతలు. మా ఇంటికి వెనక గోడ లేదు, బండే గోడ. ఆ బండ మీద ఇప్పుడో అప్పుడో దొర్లేటట్టు ఇంకో పెద్ద గుండు. తాతల నాటి నుంచీ అది కదల్లేదని నాయిన గొప్పగా చెప్పేవాడు.

మున్సిపాలిటీలో కలిశామన్న పేరే గానీ మాకు నల్లా రాలేదు. తొంభైల చివర్లో మాత్రం బాంబులొచ్చాయి. కింద అద్దాల బిల్డింగుల కోసం రోజూ మధ్యాహ్నం రాళ్లు పేల్చేవారు. పేల్చే ముందు వేసే ఈల వినపడితే చాలు, నా చేతులు చెవుల మీదికి పోయేవి.

గుండుకూ బండకూ నడుమ అమ్మ ఎర్రమట్టి పూసింది.

"ఇది పగిలితే గుండు కదిలినట్టు. ఆ దినమే ఇల్లు ఖాళీ చేద్దాం" అన్నాడు నాయిన. పని నుంచి రాగానే ముందు దాన్నే చూసేవాడు.

ఒకరోజు పేలుడు ఆగాక చూస్తే, ఎండిన పూత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుకంత బీట. నేను అరిచేలోపే అమ్మ నా నోరు మూసింది.

"నాయినకు చెప్పకు బిడ్డా. ఖాళీ చేసి యాడికి పోతం? బయట కిరాయిలు మనతోని అయితయా?"

బీట మీద మళ్లీ మట్టి పూసింది.

సాయంత్రం నాయిన వచ్చి పూత మీద వేలు పెట్టాడు. వేలికి తడిమట్టి అంటింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా అన్నాడు:

"ఏం కాలే. ఫికర్ జెయ్యకుండ్రి."