మక్కగింజలు కెమెరాల పడ్డనాడు

మొన్న నిజామాబాద్ దవాఖానల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. మీకు నవ్వొస్తదో ఏమో గని, మా వదినకైతే ఏడుపే వచ్చింది.

మా పెద్దన్న సంగతి మీకెరుకే గదా. దొడ్డికి పోతే నెత్తురు పడుతుంటే మొలలు అనుకున్నడు. బోధన్ల చెట్లమందు తాగుకుంట తిరిగిండు. పెద్ద దవాఖానకు పోయేసరికి పెద్దపేగు క్యాన్సర్ కార్జం దాకా పాకింది. చెరుకు నరికే టైముకు మనిషే లేడు.

గప్పటిసంది వదిన నా ఎంట పడ్డది. "సుజాతా, తోడబుట్టినోళ్లు గూడ చూపించుకోవాలె అని డాక్టర్లు అన్నరు. నువ్వు పోవాలె."

దొడ్డిదారి నుంచి పేగులకు కెమెరా పెట్టి చూస్తరట, నాకు గా కెమెరా అంటే భయం. గందుకే ల్యాబ్‌ల మలం పరీక్ష చేపించుకున్న. నెత్తురు లేదని వచ్చింది. గా రిపోర్టు పట్టుకొని డాక్టర్ ముందట ధైర్యంగ కూసున్న.

"మంచిదే అమ్మా," అన్నడు ఆయన. "మామూలు మనుషులకు దీంతోనే షురూ చేస్తం, ఏటేటా చేపిస్తే బాగనే పని చేస్తది. కానీ పేగుల కొన్ని బుడిపెలు నెత్తురు కార్చవు. కారకుంటే దీంట్ల దొరకవు. మీ అన్నకు వచ్చింది కాబట్టి మీకు కెమెరానే కరెక్ట్. బుడిపె కనబడితే అప్పుడే తీసేస్తం, క్యాన్సర్ దాకా పోనియ్యం. పేగు మాత్రం సాఫ్ ఉండాలె. ముందురోజు గట్టిది ఏం తినద్దు."

ముందురోజు వదిన మా ఇంట్లనే కావలి కూసున్నది. కొబ్బరినీళ్లు, మళ్ల కొబ్బరినీళ్లు. పొద్దుమీకి ఆమె మందుల దుకాణానికి పోయింది. పక్కింటి వాకిట్ల ఎవరో మక్కకంకులు కాలుస్తున్నరు. ఆకలికి కండ్లు తిరుగుతున్నయి. ఒక్కటే గదా అనుకున్న. తిన్న. ఆ ఎనక కడుపు కడిగే మందు తాగితే నీళ్లలెక్కనే పోయింది. గింజలు గూడ పోయినయనుకున్న.

తెల్లారి మత్తు సూది ఇచ్చిండ్రు. లేచి చూస్తే డాక్టర్ చేతుల ఫోటో. ఎర్రటి పేగుల పసుపుపచ్చ గడ్డలు. వదిన చెయ్యి పట్టుకొని, "పిల్లలను నువ్వే చూస్కోవాలె వదినా" అన్న.

డాక్టర్ అద్దాలు తీసి తుడుచుకున్నడు. "క్యాన్సర్ కాదమ్మా, మక్కగింజలు. గవి అడ్డమొచ్చి సగం పేగు కనబడలే. మళ్ల చెయ్యాలె."

నర్సులు మొఖాలు తిప్పుకున్నరు. వదిన మాత్రం నవ్వలే. బయట బెంచీ మీద కూసొని కొంగు అడ్డం పెట్టుకున్నది.

"మీ అన్నకు ముందుగాల చెప్పెటోళ్లు లేకుండె. నీకు చెప్తే కంకి తిన్నవ్."

నేను లేచి పోయి రెండోసారికి తారీఖు రాయించుకున్న.

రెండోసారి వదిన నన్ను కండ్లముంగట నుంచి కదలనియ్యలే. గప్పుడు దొరికింది బుడిపె. డాక్టర్ అక్కడికక్కడే కోసి టెస్టుకు పంపిండు. వారం దినాలకు రిపోర్టు కోసం మళ్ల పోతే, ఇంకా క్యాన్సర్ కాలేదట, అట్లనే ఉంచితే అయ్యేదేమో అన్నడు. గా మాట విని వదిన బస్టాండ్ దాకా నా చెయ్యి ఇడిసిపెట్టలే.

ఇగ ఇప్పుడు కమ్మర్‌పల్లిల ఉన్న మా తమ్ముడు రమేశ్ వంతు. నిన్న ఫోన్ చేసిండు. "అక్కా, ముందురోజు ఏం తినాలె, ఏం తినద్దు? నీకైతే మంచిగ ఎరుక గదా."

నేను గొంతు సవరించుకున్న. వదిన వచ్చి ఫోన్ గుంజుకున్నది.

"గామెనడగకు రమేశ్. గామె ఏం తింటదో లోపలికెల్లి ఫోటోలు తీసి మరీ చూసినం."