ముట్టని గ్లాసు

మా ఇంటికి ఎదురుగా ఉన్న మందుల షాపుకి ట్రంకాల్ వచ్చింది. షాపాయన రోడ్డు దాటి వచ్చి, "మీ మేనత్తగారు పోయారటండీ" అన్నాడు. నమ్మలేదు నేను. మళ్ళీ అడిగాను. లివరు పాడైందనీ, ఎందువల్లనో చెప్పలేమనీ ఇక్కడ బెజవాడ పెద్దాసుపత్రిలో డాక్టరుగారు అన్న మాట నిజమే. కానీ నవ్వుకుంటూ బస్సెక్కి ఇంటికి వెళ్ళిన మనిషి!

అత్తయ్యది కొల్లేటి ఒడ్డున చిన్న పెంకుటిల్లు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ దాటి, బస్సు దిగి గట్టు వెంట నడిచి వెళితే, గుమ్మంలోనే ఇత్తడి గ్లాసుతో నీళ్ళు ఎదురయ్యేవి. చుట్టాలైనా, చేపలు కొనేవాళ్ళైనా ముందు నీళ్ళు, తర్వాతే మాట. మీరు ఆ దారిన వెళ్ళి ఉంటే మీకూ ఇచ్చే ఉంటుంది.

అవి కొల్లేటి నీళ్ళే. కడవలో చిల్లగింజ అరగదీసి తేర్చేది. మట్టి అడుక్కి దిగాక ముంచి, గ్లాసు నా ముందుకు వంచి, "అడుగు కనపడతందా లేదా? మీ బెజవాడ కుళాయిలో వస్తయ్యా ఇట్టాంటియ్యి?" అని ఏడిపించేది. వాదనలో ఆవిడని గెలిచినవాళ్ళు లేరు, వాళ్ళ పాస్టరుగారితో సహా.

కొన్నాళ్ళ కిందట చమురు కోసమని ఒక కంపెనీ ఊరి పక్కన క్యాంపు పెట్టి భూమిని తొలవడం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఒకటే మోత. లోపల్నుంచి వచ్చిన నూనె బురద నింపడానికి పెద్ద గొయ్యి తవ్వారు. గొయ్యికీ కొల్లేటికీ మధ్య మట్టి గట్టు, అంతే. వానలకి అది తెగింది. చేపలు చచ్చి తేలాయి. నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు కనిపించింది. కంపెనీవాళ్ళు గట్టు మళ్ళీ పోశారు. జిడ్డు పోయాక ఊరూ మరిచిపోయింది. అత్తయ్య చిల్లగింజ ఇంకాస్త ఎక్కువ అరగదీసింది. నీళ్ళు బాగానే తేరాయి.

ఆ తర్వాత క్యాంపుకి కొత్త ఇంజనీరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. వాళ్ళ పొలంలోంచి లారీల దారి కోసం అత్తయ్య కొడుకు, మా బావతో మాట్లాడటానికి ఇంటికి వస్తుండేవాడు. అత్తయ్య నీళ్ళిస్తే రెండు చేతులా అందుకుని, మాట్లాడినంతసేపూ పట్టుకుని, వెళ్ళేటప్పుడు నిండు గ్లాసు అరుగు మీద పెట్టేసేవాడు.

"చర్చికి పోయేవాళ్ళింటో నీళ్ళు ముడతాడా ఆయన!" అంది అత్తయ్య ఒకసారి. నవ్వుతూనే అంది గానీ గొంతు మారింది. చిన్నప్పుడు బడిలో దోసిలి పడితే పైనుంచి పోసిన నీళ్ళు తాగిన మనిషి ఆవిడ. నాకు ఒళ్ళు మండి, ఇంక ఆయనకి ఇవ్వొద్దన్నాను.

"ఇయ్యటం నా పని. తాగటం ఆయనిష్టం" అంది. మంచినీళ్ళు పారబొయ్యకూడదంటూ ఆ గ్లాసు తనే ఎత్తి తాగేసింది. ఆయన వచ్చిన ప్రతిసారీ అంతే. గ్లాసు చింతపండుతో తోమి మరీ ఇచ్చేది.

భూస్థాపనకి ఆ ఇంజనీరూ వచ్చాడు. అందరితో పాటు సమాధిలో గుప్పెడు మట్టి వేశాడు. జనం కదిలాక నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఆవిడ చేతి నీళ్ళు ముట్టలేదు. మట్టి వెయ్యడానికి మాత్రం పట్టింపు లేదాండీ?"

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో, కులం గురించి కాదండీ. గట్టు తెగిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళు తాగొద్దని క్యాంపులో ఆర్డరండీ. మాకు గుడివాడ నుంచి ట్యాంకరు వస్తుంది."

"మరి ఊళ్ళోవాళ్ళకి?"

"బయట చెప్పొద్దన్నారండీ."

ఆ నీళ్ళే ఆవిడని చంపాయని నేను అనలేను, డాక్టరే అనలేదు. కానీ గ్లాసు పట్టుకుని అంతసేపు దారి గురించి మాట్లాడిన మనిషికి ఈ ఒక్క మాటకి నోరు రాలేదు. తన చెయ్యే ఆయనకి పనికిరాలేదనుకుంటూ పోయింది మా అత్తయ్య.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో బావ ఇత్తడి గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "ముందు నీళ్ళు తాగవే. అమ్మ ఉంటే ఊరుకునేదా?" అన్నాడు.

రెండు చేతులా అందుకున్నాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగు కనబడుతోంది. లోపల వరండాలో పిల్లలు కడవలోంచి ముంచుకుంటున్నారు.

"తాగవేం?" అన్నాడు బావ.