వెనక వచ్చే కారుకు బ్రేకు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి వసంతంలో నన్ను, ఈ పడమటి దేశపు రాజధాని శివారు క్లాండాల్కిన్‌లోని మా వర్క్‌షాపులో సీనియర్ టెక్నికల్ అసెసర్‌గా వేశారు. పదవి పేరు పొడుగే గాని పని చిన్న మాటలో చెప్పవచ్చు. మోటర్‌హోమ్‌కు ఏ పరికరం బిగించాలన్నా ముందు నేను చూసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేనిదే ఫిట్టర్లు స్పానర్ ముట్టుకోరు. ఫిట్టర్ల మీద ఫోర్‌మన్ డెక్లన్, అతని మీద నేను, నా మీద మేనేజర్.

మోటర్‌హోమ్ అంటే పడకలు, పొయ్యి, స్నానాలగది ఉన్న పెద్ద బండి. ఇక్కడి ఇరుకు దారుల్లో దాన్ని అన్ని చోట్లకూ తిప్పలేరు కాబట్టి, కొందరు వెనక ఒక చిన్న కారును త్రికోణపు ఇనుప చట్రంతో తగిలించి లాక్కెళతారు. దిగిన చోట విప్పుకుని కారులో తిరుగుతారు. మేము అలా లాగే కారును ట్రైలర్‌గానే లెక్కిస్తాం. ట్రైలర్ ఏడువందల యాభై కిలోలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండాలి. ముందు బండి డ్రైవరు బ్రేకు తొక్కితే, మనిషి లేని వెనక కారులోనూ బ్రేకు పడాలన్నమాట.

ఆ ఏప్రిల్‌లో ఒక జంట తమ మోటర్‌హోమ్ వెనక లాగే కారుకు బ్రేకు పెట్టించుకోడానికి వచ్చింది. భర్త గుంటూరులో చదివి, ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో మత్తు వైద్యుడిగా చేసి రిటైరైన డాక్టరు. భార్య వసుంధర గారు. నరాల జబ్బుతో ఆవిడ కాళ్లు సరిగా పనిచేయవు, చక్రాల కుర్చీ వాడతారు. వాళ్ల చిన్న కారు ఆవిడ కోసం మార్పించింది. స్టీరింగు పక్కనున్న చేతి మీటను ముందుకు నెడితే ఒక కడ్డీ కిందికి దిగి బ్రేకు పెడల్‌ను నొక్కుతుంది. గేర్లు వాటంతటవే మారే కార్లను చాలావరకు నాలుగు చక్రాల మీద లాగకూడదు. ఈ కారును న్యూట్రల్‌లో లాగవచ్చని దాని పుస్తకంలో ఉంది. నేను మొదట చూసింది అదే.

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ముందు బండి నెమ్మదించగానే వెనక కారు తోసుకొచ్చే బలంతోనే తీగ లాగి పెడల్ నొక్కే రకం. దాన్ని కొట్టేశాను. ఇంజిన్ ఆగిన కారులో రెండుమూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, ఆ తీగ బలం చాలదు. రెండోది, డ్రైవరు సీటు ముందు నేల మీద పెట్టే పెట్టె. వేగం తగ్గడాన్ని పసిగట్టి తన చేత్తో పెడల్ నొక్కుతుంది. మూడోది, తీగతో పెడల్‌ను లాగేలా కారులోనే శాశ్వతంగా బిగించే మోటారు, దానికి తోడు పెడల్‌ను మెత్తగా ఉంచే చిన్న పంపు.

డాక్టరు గారిని అరగంట ప్రశ్నలడిగాను. కారును ఇంకా కోయడం, తొలచడం ఇష్టం లేదన్నారు. పెట్టె అయితే అవసరం తీరాక తీసి పక్కన పెట్టవచ్చు. సబబే అనిపించి పెట్టెకు సంతకం పెట్టాను. అంతసేపూ వసుంధర గారు అక్కడే, నాకు మూడడుగుల దూరంలో ఉన్నారు. ఆవిడను నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బిగించాక విక్లో కొండల్లో పరీక్షకు వెళ్లాం. డెక్లన్ నడుపుతున్నాడు, నేను పక్క సీటులో. వెనక సీట్లలో డాక్టరు గారు, అలసిపోతావు, వద్దని ఆయన చెప్పినా వచ్చిన వసుంధర గారు. ఎక్కినంతసేపు ఇబ్బంది లేదు. దిగుడులో రెండో మలుపు దాటాక వెనక అద్దంలోంచి చూస్తున్న వసుంధర గారు నన్ను పిలిచారు.

"సరళా, మా కారు ముందు చక్రం దగ్గర పొగలా ఉందమ్మా."

"మంచులే వసూ," అన్నారు డాక్టరు గారు.

"మంచు ఒక్క చక్రానికే పడుతుందా అండీ?"

నేను వెనక కెమెరా తెర చూశాను. సన్నటి పొగ. బండిని వెంటనే పక్కకు తీయమన్నాను. దిగి చూస్తే బ్రేకు డిస్కు సెగ మొహానికి కొట్టింది. పెట్టె చెయ్యి చేతిమీట కడ్డీ బిగింపు కింద ఇరుక్కుని, పెడల్ సగం కిందికే ఉండిపోయింది. అంటే మలుపు మలుపుకూ వదలకుండా బ్రేకు రాసుకుంటూనే వచ్చింది. మరో రెండు మైళ్లు అలాగే దిగి ఉంటే బ్రేకు ఆయిల్ మరిగి, ఆ కారుకు బ్రేకన్నదే ఉండేది కాదు. కడ్డీకి, పెట్టె చెయ్యికి మధ్య ఎడం వర్క్‌షాపులో నేనే కొలిచాను, పెడల్ పైన ఉన్నప్పుడు మాత్రమే కొలిచాను. పూర్తిగా కిందికి నొక్కి కొలవలేదు. తప్పు నాది.

కాలిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర పోతుంది కాబట్టి, అది చల్లారేదాకా రాతిగోడ పక్కన ఆగాం. తర్వాత బండిలోకి వెళ్లి వసుంధర గారికి క్షమాపణ చెప్పి, మొదటే అడగాల్సింది అప్పుడడిగాను. ఈ కారుతో మీకు ఏం కావాలి?

ఆవిడ అన్నారు: "ఈయన దిగగానే కారు విప్పేసి, కొండలెక్కడానికి పోతారు. సాయంత్రానికి గాని రారు. ఆ పెట్టె నేను వంగి తీయలేను. అది అక్కడుంటే నేను కారు నడపలేను. ఇంట్లో కూర్చునేదాన్ని ఇక్కడికొచ్చి కూర్చోవడానికైతే ఈ ప్రయాణం దేనికమ్మా?"

డాక్టరు గారు నొచ్చుకున్నారు. "పెట్టె తీసే వెళతాను కదా," అన్నారు.

"మర్చిపోతే? ఫోను కూడా అందని చోటికి పోతారు మీరు."

ఆయన నా వైపు తిరిగి, కారుకు ఎన్ని రంధ్రాలు పెట్టాలో పెట్టమన్నారు.

పెట్టె అక్కడే తీసేశాం. వెనక కారుకు బ్రేకు లేకుండా లాగడం కుదరదు గనక కారు విప్పాం. చక్రాలు చల్లారాక డెక్లన్ దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ నడిపి చూసినా నాకు నమ్మకం చాలలేదు, కార్లను ఎక్కించుకెళ్లే రికవరీ ట్రక్కు పిలిపించాను. మర్నాడు నా సంతకాన్ని నేనే రద్దు చేసుకుని, కారణం రాసి మేనేజరుకిచ్చాను. ఆయన చదివి, ముందు డిస్కులు, ప్యాడ్లు, ఆయిల్ మా ఖాతాలో మార్చమన్నారు.

మూడో రకం బిగించాం. మోటారు సీటు కింద, దాని తీగ పెడల్ వెనక నుంచి. పాదాల దగ్గర అడ్డేమీ లేదు. పెడల్ పైనా, నడుమా, అడుగునా మూడు చోట్ల కొలిచాను. నిలబడి ఉండగా తెగుదల తీగ లాగి చూశాం. దారిలో కారు ఊడిపోతే దాన్నదే ఆపుకోవడానికి పెట్టే తీగ అది. చక్రాలు బిగుసుకున్నాయి. మళ్లీ అందరం అదే కొండ దిగాం. అడుగున నాలుగు డిస్కుల వేడీ చూస్తే ఉండాల్సినంతే ఉంది. "గ్రాండ్," అన్నాడు డెక్లన్, ఇక్కడివాళ్లు బాగుందనడానికి వాడే మాట.

కింద కారు విప్పగానే వసుంధర గారు కుర్చీలోంచి డ్రైవరు సీటులోకి జరిగి, కుర్చీ మడిచి పక్కన పెట్టుకున్నారు. ఎవరినీ సాయం అడగలేదు. ఒక్కరే దగ్గర్లోని సరస్సు దాకా వెళ్లి ఇరవై నిమిషాలకు తిరిగొచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ డాక్టరు గారు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత మా పరిశీలన పత్రంలో రెండు వరుసలు చేర్చాను. పెడల్ పూర్తిగా కిందికి నొక్కి ఎడం కొలిచారా? విప్పాక కారు నడిపేదెవరు, వారితో మాట్లాడారా? రిటైరయ్యేదాకా ఆ రెండూ నింపని కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. పరికరం బరువును, వేగాన్ని బట్టి సరిపోతే చాలదు. దాన్ని వాడే మనిషికీ సరిపోవాలి. అది ఆ మనిషిని అడిగితేనే తెలుస్తుంది.